వైఫై చాటువుకు టీకా తాత్పర్యం

అవతారిక

హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్ అనుకోండి. ఐదు అంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. ప్రతి ఇంట్లో హాలు మూల, టీవీ వెనక ఒక తెల్ల పెట్టె. నెట్ కనెక్షన్ ఇచ్చే అబ్బాయి వచ్చి, గోడకు మేకు కొట్టి, పాస్‌వర్డుగా ఇంటివారి ఫోన్ నంబరే పెట్టి, రెండు ఫోన్లలో యూట్యూబ్ ఆడించి చూపి వెళ్ళిపోతాడు. పెట్టె అడుగున స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి చిరునామా ఒకటి ఉంటుంది. ఆ గడప తొక్కినవారు భవనం మొత్తం మీద అరుదు. తొక్కితే లోపల ‘వైర్‌లెస్’, దాని కింద ‘అడ్వాన్స్‌డ్’ అనే పుట. ఛానెల్ ఎదురుగా ఆటో, వెడల్పు ఎదురుగా ఆటో, పవర్ ఎదురుగా హై. ఏది ముట్టుకుంటే ఏమవుతుందోనని ఆ పుటను తెరిచీ తెరవగానే మూసేసే భక్తుల కోసం పుట్టిన చాటువు ఇది. కవి ఎవరో చెప్పడానికి వ్యాఖ్యాతకు మొహమాటం. తన పద్యానికి తానే టీక రాసుకుంటే దాన్ని స్వోపజ్ఞ వ్యాఖ్య అంటారని మాత్రం మనవి చేసుకుంటున్నాం.

ఆ.వె.
ఒకటి యారు మీద నొప్పు పదునొకండు
ఇరువదైన చాలు నిరుకు గాదు
గొంతు తగ్గఁ బొరుగు కొంప నిద్రించును
విన్న పిదపఁ బలుకు విద్యుదూర్మి

ప్రతిపదార్థం

ఒకటి = 2412 మెగాహెర్ట్జ్ నడిమి బిందువుగా గల మొదటి ఛానెల్; ఆరు = 2437 మెగాహెర్ట్జ్ నడిమి బిందువుగా గల ఆరవ ఛానెల్; మీదన్ = ఆ పైన; పదునొకండు = 2462 మెగాహెర్ట్జ్ నడిమి బిందువుగా గల పదకొండవ ఛానెల్; ఒప్పు = తగియుండును; ఇరువది + ఐన = ఛానెల్ వెడల్పు ఇరవై మెగాహెర్ట్జే అయినను; చాలున్ = సరిపోవును; ఇరుకు + కాదు = ఇబ్బంది కలుగదు; గొంతు = యాక్సెస్ పాయింట్ (మన తెల్ల పెట్టె) ప్రసార శక్తి, అనగా సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌మిట్ పవర్ అని ఉండునది; తగ్గన్ = తగ్గగా; పొరుగు కొంప = పక్క ఫ్లాట్; నిద్రించును = అల్లరి లేక సుఖించును; విద్యుత్ + ఊర్మి = రేడియో తరంగము; విన్న పిదపన్ = గాలి ఖాళీగా ఉన్నదని చెవియొగ్గి తెలిసికొన్న పిమ్మట మాత్రమే; పలుకున్ = మాటాడును.

తాత్పర్యం

2.4 గిగాహెర్ట్జ్ రేడియోకు ఒకటి, ఆరు, పదకొండు ఛానెళ్ళలో ఏదో ఒకటి ఇవ్వాలి. వెడల్పు ఇరవై చాలు. పవర్ తగ్గిస్తే పక్కవాళ్ళ నెట్ బాగుపడుతుంది. తగినంతే తగ్గిస్తే మనది చెడదు, ఒక్కోసారి బాగుపడుతుంది కూడా. ఎందుకంటే వైఫైది ముందు విని తర్వాత మాట్లాడే జాతి. చుట్టూ అరుపులు ఎక్కువైతే దానికి పొద్దంతా వినడంతోనే సరిపోతుంది.

విశేషాలు

“ఒకటి యారు మీద నొప్పు పదునొకండు”: 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న గాలిని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసింది. అందులో పదమూడు ఛానెళ్ళు. పద్నాలుగోది ఒక్క జపాన్‌లోనే, అదీ పాత 802.11బీ పరికరాలకే. నంబరుకూ నంబరుకూ మధ్య దూరం ఐదు మెగాహెర్ట్జ్. కానీ కూర్చున్న ప్రతివాడూ ఇరవై ఆక్రమిస్తాడు. అందువల్ల పదమూడు నంబర్లు కనిపిస్తున్నా, ఒకరి మీద ఒకరు పడకుండా కాస్త ఎడంగా కూర్చోగలిగేది ముగ్గురే.

శంక: ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ తీసి చూస్తే ఒకటి మీద అరడజను ఇళ్ళు, ఆరు మీద అంతకన్నా ఎక్కువ. మూడు మీద ఒక్కరూ లేరు. మరి కవి ‘మూడు ఒప్పు’ అని ఎందుకు అనలేదు?

సమాధానం: ఒకే ఛానెల్ మీద ఉన్నవారికి ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది కాబట్టి వంతులవారీగా మాట్లాడుకుంటారు. మూడు మీద కూర్చున్నవాడికి ఒకటి వారి మాటలో ముక్క, ఆరు వారి మాటలో ముక్క చెవిన పడుతుంది. ఏదీ మాటగా తెలియదు, అంతా రొదే. వాడు వాళ్ళ వంతుల్లోకి రాడు, వాళ్ళ వంతులు సాగనివ్వడు. ఖాళీగా ఉంది కదా అని మూడెక్కినవాడు రెండు గుంపులకూ పగవాడవుతాడు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో “ఒకటి యైదు తొమ్మి దొప్పు పదియుమూడు” అని కనబడుతుంది. గణాలు సరిపోయాయి, యతి చెల్లింది. శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. ఇప్పటి రేడియోల ఇరవై వెడల్పుకు ఈ లెక్కన నాలుగు చోట్లు దొరుకుతాయి. చిక్కల్లా భవనమంతా ఈ పాఠాన్నే పఠించాలి. ఒక్క ఇల్లు ఆరు మీద ఉన్నా ఐదుకూ తగులుతుంది, తొమ్మిదికీ తగులుతుంది. లిఫ్టుకు ఏ రంగు వేయాలో తేల్చుకోలేని అసోసియేషన్ ఈ ఐకమత్యం సాధిస్తుందన్న నమ్మకం లేక ఈ పాఠాన్ని పక్కన పెడుతున్నాం. పైగా పెట్టెలో దేశం గడిలో అమెరికా అని ఉంటే పన్నెండు, పదమూడు సాధారణంగా కనిపించనే కనిపించవు. మిగతా గడులు ముట్టుకునే ముందు దేశం ఇండియా అని ఉందో లేదో చూసుకోవాలి.

ఇక ‘ఆటో’ను నమ్ముకున్నవారి సంగతి. కొన్ని పెట్టెలు బూట్ అయినప్పుడు ఒకసారి చుట్టూ చూసి ఛానెల్ ఎంచుకుంటాయి, మళ్ళీ కరెంటు పోయేదాకా తల తిప్పవు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇరవై ఇళ్ళ పెట్టెలూ ఒకేసారి కళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఎవరికీ ఎవరూ కనబడరు, అందరికీ ఒకే చోటు ఖాళీగా తోస్తుంది. పెట్టెలన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే మంచి కంట్రోలర్ ఉన్న ఆఫీసులో ఆటో పనికొస్తుంది. ఇలాంటి భవనంలో చేత్తో పెట్టుకోవడమే మేలు.

“ఇరువదైన చాలు”: 2.4లో మొత్తం చోటే 83.5 మెగాహెర్ట్జ్. అక్కడ నలభై వెడల్పు పెట్టడమంటే దాదాపు సగం వీధిలో మన పందిరి వేయడమే. అది వేగం పెంచుతుందన్నది పెట్టె డబ్బా మీది లెక్క. ఐదు గిగాహెర్ట్జ్ వేరు. 2018 అక్టోబర్ నోటిఫికేషన్‌తో మన దేశంలో అక్కడ మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా తెరుచుకుంది కనుక నలభై, ఎనభై పెట్టినా తప్పులేదు. నూట అరవై వెడల్పు సీస పద్యం లాంటిది, తెరిపి ఉన్నచోటే రాణిస్తుంది. ఈ చాటువు ఆటవెలదిలో ఉండటం ఔచిత్యం.

ఐదులో ఒక మెలిక ఉంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్ళు రాడార్లు కూడా తిరిగే దారి. రాడార్‌కు దారి ఇచ్చే డీఎఫ్ఎస్ నియమం పాటించే పెట్టె అక్కడ నోరు విప్పే ముందు కనీసం నిమిషం పాటు మౌనంగా వింటుంది. మధ్యలో రాడార్ చప్పుడు వినబడితే పది సెకన్లలో లేచిపోయి, అరగంట దాకా ఆ ఛానెల్ వైపు చూడదు. “ఐదు గిగాహెర్ట్జ్ పేరు ఉన్నట్టుండి మాయమైంది” అని గాభరా పడేవాళ్ళు చాలాసార్లు చూస్తున్నది ఈ ఆచారాన్నే.

“గొంతు తగ్గఁ బొరుగు కొంప నిద్రించును”: కారణం ఒకచోట, కార్యం మరొకచోట. గొంతు తగ్గేది మన ఇంట్లో, నిద్ర పట్టేది పక్కింట్లో. కనుక అసంగతి అలంకారం. పద్యానికి ప్రాణం ఈ పాదమే.

గొంతును కొలిచేది డీబీఎంలో. 20 డీబీఎం అంటే 100 మిల్లీవాట్లు, 17 అంటే 50, 14 అంటే 25. మూడు తగ్గితే శక్తి సగమవుతుంది. సగం అనగానే గుండె జారనక్కర్లేదు. అడ్డు లేని చోట శక్తి సగమైతే సిగ్నల్ చేరే దూరం పదింట ఏడు వంతులు మిగులుతుంది. 2.4లో యాంటెన్నా బలాన్ని కూడా కలుపుకుని నాలుగు వాట్ల దాకా మన నియమాలు ఒప్పుకుంటాయి. ఒప్పుకున్నాయి కదా అని అంతదాకా అరవాలని ఎక్కడా రాయలేదు.

ఇక్కడ నాయకుడు యాక్సెస్ పాయింట్, నాయిక ఫోన్, రసం విప్రలంభ శృంగారం. నాయకుడు గోడలోని ప్లగ్గు నుంచి కరెంటు తాగుతాడు. ఎంతైనా అరుస్తాడు. నాయిక బ్యాటరీ మీద బతుకుతుంది, ఆమెకు అంత గొంతు లేదు. నాయకుడి కేక పడకగది, వంటిల్లు దాటి బాల్కనీ దాకా వినబడుతుంది. ఫోన్ తెర మీద వైఫై గీతలన్నీ నిండుగా ఉంటాయి. వాట్సాప్ సందేశం పక్కన మాత్రం గడియారం బొమ్మ కదలదు. ఆయన కేక ఆమెకు చేరింది, ఆమె బదులు ఆయనకు చేరలేదు. అలంకార శాస్త్రంలోని అష్టవిధ నాయికల్లో ఈమె నిస్సందేహంగా విప్రలబ్ధ, సంకేత స్థలానికి వచ్చి మోసపోయిన నాయిక. నాయకుడి గొంతు కొంత తగ్గిస్తే గీతలు తగ్గుతాయి, కానీ ఉన్న గీతలు నిజం చెబుతాయి.

డూప్లెక్స్ ఇళ్ళలో కథ ఇంకా ముదురుతుంది. కింద హాల్లో ఒక యాక్సెస్ పాయింట్, పైన ఒకటి. రెండిటికీ ఒకే పేరు, రెండూ హై. నాయిక మెట్లెక్కి పైకి వచ్చినా కింది నాయకుణ్ణి వదలదు. ఎవరిని విడవాలి, ఎవరిని చేరాలి అనే నిర్ణయం వైఫైలో ఫోన్‌దే. పెట్టె సలహా చెప్పగలదు, మరీ విసిగితే గెంటేయగలదు. ఫలానా చోటికే పొమ్మని చేయి పట్టి పంపలేదు. సిగ్నల్ మైనస్ 70 డీబీఎం దాకా పడిపోయాకగానీ ఐఫోన్ రెండోదాన్ని వెతకదని ఆపిల్ వారే రాసి పెట్టారు. కింది పెట్టె హైలో అరుస్తుంటే పై గదిలో కూడా సిగ్నల్ అంత పడదు. రెండు పెట్టెల గొంతూ తగ్గించి, మెట్ల మధ్యలో రెండూ సమానంగా వినబడేలా చేస్తే నాయిక తనంతట తానే మారుతుంది.

కవి ‘తగ్గ’ అన్నాడు, ‘అణగ’ అనలేదు. మీడియం పెట్టి ఇల్లంతా తిరిగి చూసి, ఇంకా మిగులు ఉంటేనే ‘లో’కు దిగాలి.

ఈ పాదంలో కవిది ఒక లోపం కూడా ఉంది, వ్యాఖ్యాత కప్పిపుచ్చడు. పెట్టె ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, నీళ్ళతో నిండిన అక్వేరియం వెనక దాక్కున్న పెట్టెకు ఏ సెట్టింగూ మందు కాదు. నిట్టనిలువుగా ఉన్న కడ్డీ యాంటెన్నా తరంగాన్ని గారె ఆకారంలో చుట్టూ పరుస్తుంది, చిల్లు సరిగ్గా నెత్తి మీదా పాదాల కిందా వస్తుంది. పెట్టెకు నేరుగా పైనున్న గదిలో సిగ్నల్ రాకపోవడానికి స్లాబు ఒక్కటే కారణం కాదు, ఆ చిల్లు కూడా. రెండు కడ్డీలుంటే ఒకదాన్ని పడుకోబెట్టి చూడాలి.

“విన్న పిదపఁ బలుకు విద్యుదూర్మి”: వినకుండా పలికిన పూర్వులు ఉన్నారు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహా నెట్‌లో ఎవరికి తోచినప్పుడు వారు పంపేసేవారు. ఢీకొంటే మళ్ళీ పంపేవారు. ఆ పద్ధతిలో గాలి కాలంలో సుమారు పద్దెనిమిది శాతానికి మించి అక్కరకు రాదని లెక్క తేలింది. వైఫై వినడం నేర్చుకుని పుట్టింది. గాలి ఖాళీ అయ్యిందని విన్నాక కూడా వెంటనే అందుకోదు. యాదృచ్ఛికంగా ఒక అంకె తీసుకుని, అంతసేపు ఆగి, అప్పటికీ ఎవరూ మాట్లాడకపోతేనే మొదలుపెడుతుంది. ఈ సూత్రానికి ప్రత్యుదాహరణ మైక్రోవేవ్ ఓవెన్. 2450 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో వినకుండా పలుకుతుంది.

వినేవారు ఇందరుంటే, నెమ్మదిగా మాట్లాడేవాడు అందరి కాలమూ తింటాడు. ప్రతి యాక్సెస్ పాయింట్ సెకనుకు దాదాపు పదిసార్లు ‘నేనున్నాను’ అని బీకన్ చాటుతుంది. ఆ చాటింపు సాధారణంగా అనుమతించిన వేగాల్లో అతి తక్కువ దానిలో సాగుతుంది. 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ అనే పాత వేగాలను తీసేసే వీలుంటే తీసేయాలి. ఏనాటిదో పాత ప్రింటర్ ఒకటి అలిగితే అలగనివ్వండి. పైగా ప్రతి పేరుకూ వేరే బీకన్. ఇంటికి, అతిథులకు, కెమెరాలకు, పిల్లలకు అని నాలుగు పేర్లు పెడితే నాలుగు చాటింపులు. రెండు పేర్లకు మించి ఇంటికి అక్కర్లేదు.

పేరు ప్రస్తావన వచ్చింది గనుక మరొక్క మాట. వైఫై పేరుకు శాస్త్రం ఇచ్చిన చోటు 32 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి. ‘సుబ్బారావు’ అని తెలుగులో పెడితే సరిగ్గా 30 బైట్లు. మిగిలిన రెండింటిలో ‘గారు’ పట్టదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని పెట్టె ఎదుట నిలబడి ఎన్నిసార్లు చదివినా ఛానెల్ మారదు, లోపలికి వెళ్ళి మార్చాలి. మార్చాక కింద ‘సేవ్’ నొక్కాలి. నొక్కగానే రేడియో మళ్ళీ మొదలై, కాసేపు ఇంట్లో అందరి వైఫై పోతుంది. అందుకని ఇంట్లో ఎవరైనా ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్నప్పుడు, ఇంటి పెద్ద క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్ చూస్తున్నప్పుడు ఈ పారాయణం పెట్టుకోకండి.