అగ్రహారంలో విశ్వాసిగా చలామణి కావడం ఎలా

యానాం అగ్రహారంలో ఇల్లు కట్టుకుని, నలుగురిచేతా మంచి విశ్వాసి అనిపించుకోవాలనుకునే వారికి ఈ సలహాలు. దేవుణ్ణి నమ్మడం వేరే సంగతి. దానికి ఏళ్లు పడుతుంది, పైగా ఎవరికీ కనపడదు. ఇక్కడ చెప్పేవన్నీ వీధిలోంచి కనపడేవే.

ముందు నక్షత్రం. డిసెంబరు ఒకటో తారీఖుకల్లా డాబా మీద వెలగాలి, పక్కింటివాళ్ల దానికన్నా జానెడు ఎత్తున. గుమ్మం మీద ‘ఈ ఇంటి యజమాని క్రీస్తు’ అని బోర్డు పెట్టించండి. కరెంటు మీటరూ ఇంటిపన్ను రసీదూ మీ పేరునే ఉంటాయి కాబట్టి దిగులు లేదు.

బైబిలుకు జిప్పు కవరు తప్పనిసరి. అందులో కరెంటు బిల్లు, రేషను కార్డు జిరాక్సు, ఎవరిదో శుభలేఖ, మూడేళ్ల కిందటి వాగ్దాన కార్డు ఉంచుకోవచ్చు. ఇరవై మూడో కీర్తన ఉన్న పేజీ మాసి ఉంటే అందం. ఆమోసు పేజీలు మాత్రం బంగారు అంచుతో ఒకదానికొకటి అతుక్కునే ఉండాలి. గొర్రెలు కాసుకునే ఆ మనిషి అయిదో అధ్యాయంలో, న్యాయం లేని చోట పండుగలూ పాటలూ దేవుడికి వెగటు అంటాడు. కోరస్ టీము నొచ్చుకుంటుంది.

ప్రార్థన గట్టిగా చెయ్యండి. గదిలోకెళ్లి తలుపేసుకోమని మత్తయి ఆరో అధ్యాయంలో ఉన్నమాట నిజమే గానీ, అప్పట్లో మైకుల్లేవు. మధ్యమధ్యలో ఊరి కబుర్లు కూడా దేవుడికి చేరవెయ్యండి. ‘ఆ సందు చివరింటి కోడలి మనసు మార్చు తండ్రీ’ అని కళ్లు మూసుకుని అంటే అది చాడీ కాదు, విజ్ఞాపన. ఆమె ఏం చేసిందో తెలియనివాళ్లు కూటం అయ్యాక మిమ్మల్నే అడుగుతారు. అప్పుడు వివరంగా చెప్పండి, కలిసి ప్రార్థించడానికి వీలుగా ఉంటుంది.

ఇక సాక్ష్యం. యానాంలో మందు చవకని గోదావరి జిల్లాల నుంచి జనం వస్తారని చిన్నపిల్లలకీ తెలుసు. మీరు చుక్క ముట్టలేదని సాక్ష్యం చెప్పండి. రోడ్డు వైపున్న మీ గదిని బ్రాందీ షాపుకు అద్దెకిచ్చి ఉంటే ఆ ఊసెత్తనక్కర్లేదు. అద్దెలో దశమభాగం పైసాతో సహా లెక్కగట్టి కవరులో పెట్టండి, కవరు మీద పేరు పెద్దక్షరాల్లో రాయండి. అయ్యగారు దాన్ని మైకులో చదివేటప్పుడు తల వంచుకోండి. ఇది నేర్చుకోవడానికి కాస్త సాధన కావాలి. మరీ కిందికి వంచితే ఎవరని చూసేవాళ్లకు మొహం కనపడదు.

2022 జూలైలో గోదావరి పొంగి యానాం వీధుల్లోకి నీళ్లొచ్చాయి. మళ్లీ అలాంటి వరదొస్తే, మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డ మనిషికి ‘మీ కోసం ప్రార్థన చేస్తున్నామండీ’ అని చెప్పి మేడెక్కెయ్యండి. ‘గ్యాసు పైనే ఉంది కదా, నాలుగు పొట్లాలు పులిహోర కడదామా’ అని ఇంట్లో ఆవిడ అంటే, ముందు ప్రార్థన అనండి. యాకోబు పత్రిక రెండో అధ్యాయం సరిగ్గా ఈ పద్ధతినే తప్పుపట్టింది. అయిదధ్యాయాల చిన్న పత్రిక, చూడకుండా దాటెయ్యడం తేలిక. తప్పనిసరై పొట్లాలు పంచాల్సి వస్తే ఫొటో బాగా వచ్చేదాకా పొట్లం వదలకండి. రెండు చేతులూ కనపడాలి, ముఖ్యంగా మీది.

పెళ్లి సంబంధాలకు ‘దైవభక్తి గల పిల్ల’ అని అడగండి. కులం ఆ తర్వాత, కట్నం ప్రభువు చిత్తం, ఎకరాలు మాత్రం ముందే రాయించుకోండి.

పెద్దల పేర్లు వాడుకోండి, వాళ్ల పద్ధతుల జోలికి పోకండి. ఊళ్లో 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి ఉంది, చుట్టాలొస్తే చూపించి ఫొటోలు దిగొచ్చు. అదే 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి గోదావరి ప్రాంతంలో స్థిరపడిన మిషనరీలు బౌడెన్, బీర్ ఉన్నారే, వాళ్లు ప్రమాదకరమైన మనుషులు. ఒకాయన రాళ్లు చెక్కేవాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. జీతమిచ్చే సంఘం ఏదీ వెనక లేకుండా దేవుడే చూసుకుంటాడని ఓడెక్కేశారు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారూ అంతే. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, నమ్మకం కోసం ఆ బతుకు విడిచి, ఊరూరా తిరిగి ప్రకటించారు. ఆయన కీర్తనలు రాగయుక్తంగా పాడండి. అర్థం మీదికి మనసు పోతోందనిపిస్తే తబలా కాస్త పెంచమనండి.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది. జ్వరంతో కాలిపోతున్న పిల్ల పక్కన అర్ధరాత్రి తడిగుడ్డ పట్టుకుని కూర్చుంటారు. వినేవాళ్లు ఎవరూ ఉండరు. ‘దేవుడా’ అని నోటంట వచ్చేస్తుంది, ఆ తర్వాత ఏమనాలో తోచదు. నేర్చుకున్న ప్రార్థన ఒక్క ముక్కా గుర్తుకు రాదు. పిల్లకు చెమట పట్టి, తెల్లారేసరికి జ్వరం దిగుతుంది గానీ ఇది మాత్రం దిగదు. గట్టు తగాదాలో కోర్టుకీడ్చిన తమ్ముణ్ణి ఒక్కసారి చూసొద్దామా అనిపిస్తుంది. కంగారు పడకండి. వేడిగా కాఫీ తాగండి. అప్పటికీ తగ్గకపోతే, వాయిదా ఎప్పుడో లాయరుగారికి ఫోన్ చేసి కనుక్కోండి.