రెండు ఊళ్ల మెడ మీద నేను

నేనొక ఉన్ని మఫ్లర్‌ని. నా ఒంటి మీద నీలం, పసుపు చారలు. 2002లో లండన్ నైరుతి మూలనున్న వింబుల్డన్‌లో ఒక అభిమాని మెడ చుట్టూ చేరాను. ఆ మే నెలలోనే ఆయన ప్రాణంగా చూసుకున్న ఫుట్‌బాల్ క్లబ్బును వేరే ఊరికి తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు దాని వెంట పోలేదు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత జట్టు కట్టుకున్నారు. ఆటగాళ్ల ఎంపిక పెడితే రెండు వందల మందికి పైగా కుర్రాళ్లు వచ్చారు.

ఎక్కడో అట్టడుగు లీగులో మొదలయ్యాం. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆట. ఆ వేళకు ఇంగ్లండ్‌లో ఏ మ్యాచ్‌నీ టీవీలో ప్రత్యక్షంగా చూపరు, జనం చిన్న మైదానాలకు రావాలని. పొరుగూరికి ఆడటానికి వెళ్తే బస్సులు కట్టుకుని మేమూ వెళ్లేవాళ్లం. వానకు తడిసి, బరువెక్కి, ఆయన గుండెల మీద వేలాడేదాన్ని. తొమ్మిదేళ్లలో ఐదు మెట్లెక్కి, 2011లో దేశంలోని మొదటి 92 క్లబ్బుల్లో చేరాం. ఆ రోజు నన్ను తడిపింది వాన కాదు, ఆయన కన్నీళ్లు.

కొన్నేళ్లకు ఉద్యోగరీత్యా ఆయన స్పెయిన్‌లోని సలమాంకాకు వెళ్లారు. 1923లో పుట్టిన ఆ ఊరి క్లబ్బు అప్పులపాలై 2013లో మూతపడింది. అక్కడి అభిమానులూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. యూనియనిస్తాస్ అనే జట్టు పెట్టుకున్నారు. సభ్యుడికి ఒక్క ఓటు, అంతే. జిల్లా స్థాయి నుంచి నాలుగేళ్లలో మూడో అంచెకు చేరారు. అప్పట్లో ఆ అంచెలో 80 జట్లు, పైకెళ్లేవి నాలుగే. ఇంగ్లండ్ మూడో అంచెలో 24 జట్లుంటే మూడు పైకెళ్తాయి.

ఇక్కడ స్పెయిన్‌లో ఆదివారాలూ ఆటే. గ్యాలరీ నిండా పొద్దుతిరుగుడు గింజల పొట్టు. ఊళ్ల మధ్య దూరాలెక్కువ కనుక ఎదుటి జట్టు వెంట వచ్చేవాళ్లు తక్కువ. చాలామందికి ఊరి జట్టుతో పాటు మాడ్రిడ్, బార్సిలోనాల్లో ఒకటి కూడా సొంతమే.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. పెద్ద క్లబ్బుల కుర్రాళ్లుండే రిజర్వు జట్లు కూడా ఇక్కడ లీగుల్లో ఆడతాయి. అసలు జట్టున్న అంచెలోకి మాత్రం వెళ్లలేవు. 1984లో రెండో డివిజన్‌లో రియల్ మాడ్రిడ్ వారి కాస్తియా మొదటి స్థానంలో, మరో రిజర్వు జట్టు బిల్బావో అథ్లెటిక్ రెండో స్థానంలో నిలిచాయి. పైకెళ్లింది మాత్రం మూడు, నాలుగు, ఐదు స్థానాల వాళ్లు! పెద్దవాళ్లతో తలపడి ఆ కుర్రాళ్లు రాటుదేలతారు, ఆ మేలు కాదనను. కానీ ఆ జట్టు ఓడిన రాత్రి ముద్ద దిగని ఊరంటూ ఒకటి ఉండదు. 2014లో ఇంగ్లండ్‌లోనూ అలాంటి జట్లకు లీగులో చోటిద్దామన్న ప్రతిపాదన వస్తే చిన్న క్లబ్బుల అభిమానులు గట్టిగా అడ్డుకున్నారు. వాళ్లు చేసింది సబబే.

2020 జనవరిలో కప్ పోటీకి రియల్ మాడ్రిడ్ అసలు జట్టే సలమాంకా వచ్చింది. 3-1తో ఓడాం. కానీ మేం కొట్టిన ఆ ఒక్క గోలుకు ఊరంతా లేచి నిలబడింది. ఆయన మెడలో నా పక్కనే యూనియనిస్తాస్ వారి తెలుపు, నలుపు మఫ్లర్ ఉంది. ఇద్దరం చలిలో పెనవేసుకుపోయాం.

ఇప్పుడు నా అంచుల్లో పోగులు ఊడుతున్నాయి. ఒక్కటే కోరిక. ఏ దేశంలోనైనా, లీగు పట్టికలో చిట్టచివరి వరుసలోనైనా సరే, ప్రతి పేరు వెనకా ఒక ఊరుండాలి.