హాల్లో గోదావరి వంతెన

పుట్టింది రాజమండ్రిలో, పడుండేది కూకట్‌పల్లి ఫ్లాటులో. అందుకని హాల్లో ఖాళీగా ఉన్న గోడ మీదికి గోదావరిని తెస్తానన్నాను. అక్కడ మా పెళ్లి ఫొటో పెడదామన్నది మా ఆవిడ ఆలోచన. ఉత్త పెయింటింగయితే ఎవరైనా వేస్తారు కనక నీళ్లూ ఆకాశమూ రంగుల్లో, ఆర్చి బ్రిడ్జి మాత్రం మట్టితో ఉబ్బెత్తుగా చేస్తానని ప్రకటించాను. "దీన్ని మిక్స్‌డ్ మీడియా అంటారు" అన్నాను.

"అంటే మీకు రెండూ రావన్నమాట" అంది.

8 అడుగుల ప్లైవుడ్ షీటు లిఫ్టులో పట్టలేదు. మోసుకొచ్చిన కుర్రాళ్లు మెట్ల మలుపుల దగ్గర నన్నేమనుకున్నారో వాళ్ల మొహాలే చెప్పాయి. దానికి చోటు కోసం డైనింగ్ టేబులు బాల్కనీలోకి వెళ్లింది. మేం కంచాలు ఒళ్లో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నాం.

ముందు సాయంకాలపు ఆకాశం వేశాను. బాగా వచ్చింది, నిజంగానే. అక్కడితో ఆగి ఉంటే మీకీ గొడవంతా వినే బాధ తప్పేది. దాని మీద సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో ఆర్చీలు అతికించి పడుకున్నాను. తెల్లారేసరికి సగం వంతెన సోఫా కింద ఉంది. అక్రిలిక్ రంగు ఎండితే నున్నటి ప్లాస్టిక్ పొర అయిపోతుంది, దాని మీద మట్టికి పట్టు దొరకదు. అంటుకున్న నాలుగింటికీ ఇంకో రోగం. తడి ఆరేకొద్దీ ముద్ద కుంచించుకుపోతుంది, కింది చెక్క కుంచించుకోదు, ఆ తగువులో పగిలేది ఆర్చీ. పైగా ఒకవైపే తడి తాగిన ప్లైవుడ్ విల్లులా వంగి కూర్చుంది.

ఇదంతా కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కూడా కాదు. చేర్యాల నకాషీలు బొమ్మ గీసేముందే గుడ్డకి సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పట్టిస్తారు. కొండపల్లిలో పొణికి కర్ర ముక్కల్ని రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపిన మక్కుతో అతికి, అది ఆరాకే రంగు జోలికి వెళతారు. మా షోకేసులో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంది. ఏళ్లుగా దాని దుమ్ము తుడిచేది నేనే. దాన్ని చూసి నేర్చుకున్నది దుమ్ము తుడవడం ఒక్కటే.

ఆ పరిస్థితుల్లో అత్తయ్యగారు దిగారు. వంతెన కేసి చూశారు, నా కేసి చూశారు, "పాత పేపర్లున్నాయా అల్లుడుగారూ?" అన్నారు. చేటలకి మెంతులూ కాగితం గుజ్జూ కలిపి రుబ్బి పూసిన చెయ్యి ఆవిడది. మెంతులు జిగురుకి జిగురు, ఆ చేదుకి పురుగు దగ్గరికి రాదు. నానిన పేపర్లు గ్రైండర్లో వేసి, ఆ గుజ్జు నా సుద్దముద్దలో కలిపి పిసికారు. లోపల పీచుంటే పగుళ్లు రావట. చెక్క వంకర తీరడానికి వెనకవైపు కూడా పూత పెట్టించారు. ఆర్చీలు వచ్చే చోట చిన్న మేకులు కొట్టి తీగ చుట్టించారు. అక్కడ రంగంతా ఉప్పుకాగితంతో గీకెయ్యమన్నారు.

నా ఆకాశాన్ని గీకడానికి నాకు చెయ్యి రాలేదు. మా ఆవిడకి వచ్చింది, మహా ఉత్సాహంగా.

వంతెన నిలబడింది. మా బావమరిది రాజమండ్రి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వేలు పెట్టి లెక్కపెట్టాడు. 1997లో రైళ్లు మొదలైన ఆ బ్రిడ్జికి 28 ఆర్చీలుంటాయని అక్కడి పిల్లలు కూడా చెబుతారు. "ఇక్కడ పదకొండే ఉన్నాయేంటి బావగారూ?"

"మిగతావి కొవ్వూరు వైపు ఉన్నాయి" అన్నాను.

పదకొండులో నా చేతి పని రెండే. పగుళ్లున్నవి కూడా ఆ రెండే. మీరెప్పుడైనా మా ఇంటికొస్తే వంతెన బాగుందని తప్పకుండా అనండి. అత్తయ్యగారు ఇంట్లో ఉంటే మాత్రం, ఎవరు చేశారని అడక్కండి.