పక్కనే ఉన్నా పలకని ప్రింటరు

మా రోజుల్లో ఆఫీసు ఆఫీసులోనే ఉండేది. సర్వీసంతా బ్యాంకులో చేశాను, ఒక్క లెడ్జరు కాగితం ఇంటికి మోసుకొచ్చిన పాపాన పోలేదు. తెస్తే ఉద్యోగం ఊడేది, అది వేరే సంగతి. స్ట్రాంగ్‌రూముకి రెండు తాళాలు. ఒక చెవి మేనేజరు దగ్గర, రెండోది హెడ్ క్యాషియరు దగ్గర. ఇద్దరూ నిలబడితేనే తలుపు కదిలేది. ఒకాయన సెలవు పెడితే ఆ చెవి ఇంకొకరి చేతికి రిజిస్టరులో సంతకాలతో మారేదే తప్ప, జేబులోంచి జేబులోకి జారేది కాదు.

ఇప్పుడో? 2020 మార్చిలో లాక్‌డౌన్ పుణ్యమా అని ‘కొన్నాళ్లకే’ అంటూ మా గుమ్మం తొక్కిన కోడలి ఆఫీసు, డైనింగ్ టేబుల్ మీద కాపురం పెట్టేసింది. కరెంటు మాది, వైఫై మాది, కుర్చీ మాది, గంటగంటకీ టీ మాది. ల్యాప్‌టాప్ ఒక్కటే కంపెనీది. వచ్చింది కదా, ఇంట్లోవాళ్లతో కలివిడిగా ఉంటుందా అంటే, అదీ లేదు.

మొన్న జూలైలో కోడలి ఇన్‌కంటాక్స్ రిటర్ను వేద్దామని తన ఫారం 16 ప్రింట్ తీసిమ్మన్నాను. ప్రింటరు మూరెడు దూరంలో ఉంది. నా ఫోన్లోంచి నొక్కితే గడగడా కొడుతుంది. ల్యాప్‌టాప్ మాత్రం అలాంటి యంత్రమే ఈ భూమ్మీద లేదంటుంది.

“వీపీఎన్ ఆన్‌లో ఉందండీ మావయ్యగారూ. అందుకే కనపడదు.”

అంటే ఏమిటయ్యా అంటే, ఆ ల్యాప్‌టాప్ నోట్లోంచి వచ్చే ప్రతి మాటా ముందు కంపెనీ గేటు దాకా పోయి, అక్కడి నుంచే ఎటైనా వెళ్లాలట. పక్కనున్న ప్రింటరుని కూడా ఆ గేటు అవతలే వెతుకుతుంది. పైగా 192.168తో మొదలయ్యే ఈ నంబర్లు ఇంటింటికీ అవేనట. మా ప్రింటరు నంబరే వాళ్ల ఆఫీసులో ఇంకో యంత్రానికీ ఉండొచ్చు. ఇంటి సామానుతో ఇంట్లోనే మాట్లాడుకోనిచ్చే ఏర్పాటు, స్ప్లిట్ టన్నెల్ అని ఒకటుంది, కానీ కంపెనీ ఒప్పుకోదు. పోనీ పెన్‌డ్రైవ్‌లో వెయ్యమ్మా అంటే ఆ రంధ్రం మూసేశారు. వైరు తగిలిద్దామంటే డ్రైవరు ఎక్కించడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, అది ఆ పిల్ల దగ్గర లేదు. నా మెయిలుకు పంపమంటే నాలుక్కరుచుకుంది. బయటికి ఏ ఫైలు వెళ్లినా అక్కడెవరికో తెలిసిపోతుందట. అది తన జీతం కాగితమేనండీ!

పంచుకోవడం మాకు తెలియనిదా? వీధికంతటికీ ఒక్క ఇంట్లో ఫోను ఉండేది. ఉత్తరాల మీద ఆ ఇంటివాళ్ల నంబరు వేసి పక్కన ‘పి.పి.’ అని రాసుకునేవాళ్లం. ట్రంక్‌కాల్ వస్తే ఆ ఇంటి పిల్లాడు పరుగెత్తుకొచ్చి పిలిచేవాడు. కాదు కూడదన్నవాళ్లు డయలుకి బుల్లి తాళం వేసేవారు. మా వీధి కుర్రాళ్లు దానికీ విరుగుడు కనిపెట్టారు. రిసీవరు పెట్టే హుక్కు మీద టకటకా కొట్టడమే. అయిదుకి అయిదు దెబ్బలు, సున్నాకి పది. తాళం తాళంలాగే ఉండేది, నంబరు కలిసేది. ఇంటాయనకి బిల్లొచ్చేదాకా తెలిసేది కాదు.

నా గోలంతా అదే. తాళం ఎక్కడ వేశామన్నది కాదు, దొంగ ఎటునుంచి వస్తాడన్నది చూడాలి. ల్యాప్‌టాప్‌కి ఇన్ని సంకెళ్లు వేశారు, బాగుంది. అదే వైఫై మీద మా టీవీ ఉంది, గుమ్మం దగ్గర కెమెరా ఉంది, మనవడి ఆటల పెట్టె ఉంది. కేబుల్ కుర్రాడు బిగించిన నాటి పాస్‌వర్డే ఇంకా ఎన్ని ఇళ్లలో ఉందో దేవుడికే తెలియాలి. 2016లో మిరాయ్ అనే పురుగు పట్టింది ఇలాంటి కెమెరాలనీ రౌటర్లనీ. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చనివాటిని లక్షల్లో లొంగదీసుకుంది. ఆ అక్టోబరులో వెబ్‌సైట్లకి దారి చూపించే డైన్ అనే సంస్థ మీదకి వాటిని ఉసిగొల్పితే, అమెరికాలో చాలామందికి ట్విట్టరూ నెట్‌ఫ్లిక్సూ ఆగిపోయాయి.

2022లో లాస్ట్‌పాస్‌కి జరిగింది ఇంకా విడ్డూరం. అది లోకుల పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే కంపెనీ. అసలు తాళంచెవులు నలుగురు ఇంజనీర్లకే అందుబాటులో ఉండేవి. దొంగ ఆఫీసు గోడ దూకలేదు. ఆ నలుగురిలో ఒకాయన ఇంటి కంప్యూటరు పట్టుకున్నాడు. అందులో సినిమాలు చూసుకునే ప్లెక్స్ అనే సాఫ్ట్‌వేరుంది, పాతది. దాని చిల్లు పూడ్చిన వెర్షన్ 2020లోనే వచ్చినా ఆయన వేసుకోలేదు. ఆ చిల్లులోంచి దూరి, నొక్కిన మీటలన్నీ రాసుకునే ప్రోగ్రామ్ పెట్టి మాస్టర్ పాస్‌వర్డ్ ఎగరేసుకుపోయాడు. పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో తాళం కూడా ఉందండోయ్. కానీ రెండు తాళాలూ తీసేది ఒకే మనిషి, ఒకే కుర్చీలో కూర్చుని. మా స్ట్రాంగ్‌రూముకి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది ఎందుకనుకున్నారు?

కోడలు ఈ కథంతా విని ఆదివారం పూట రౌటరు ముందేసుకుని కూర్చుంది. పాస్‌వర్డ్ మార్చింది. గెస్ట్ వైఫై అని ఒకటి తెరిచింది. అది మా పాత ఇంటి అరుగులాంటిదని నాకు వెంటనే అర్థమైంది. వచ్చినవాళ్లు కూర్చోవచ్చు, మంచినీళ్లు తాగొచ్చు, నడవ దాటి లోపలికి రాకూడదు. అక్కడ కూర్చోబెట్టాల్సింది ల్యాప్‌టాప్‌నే అన్నాను నేను, పరాయిది అదే కనుక. కాదండీ, నమ్మకం లేనివి టీవీ, కెమెరా అంది తను. వాదనలో తనే నెగ్గింది. ఫారం 16 మాత్రం ప్రింటు కాలేదు. తను తెర మీద చూసి అంకెలు చదివితే నేను కాగితం మీద రాసుకున్నాను. లెడ్జరు రాసిన చెయ్యి, ఒక్క కొట్టివేత లేదు.

టీవీ అరుగు మీదకి పోయిన సాయంత్రం, ఫోన్లోంచి ఘంటసాల పాట టీవీకి పంపుదామని చూస్తే టీవీ కనపడటం లేదు. కోడల్ని పిలిచాను.

“మీ ఫోను లోపలి వైఫైలో ఉంది కదండీ. మీరూ గెస్ట్‌లోకి మారి చూడండి మావయ్యగారూ.”

“మారితే దొరుకుతుందా?”

“రౌటరుని బట్టండీ. గెస్టులు ఒకళ్లకొకళ్లు కూడా కనపడకపోవచ్చు.”

ఈ ఇల్లు కట్టించింది నేను!