వాచ్‌మన్‌కే కళ్లు తిరిగితే

ఆంజనేయుడి గుడి కూల్చవచ్చిన ఔరంగజేబుకు ‘కర్ మన్ ఘట్’, అంటే గుండె దిటవు చేసుకో అని వినిపించిందట. హైదరాబాద్‌లోని కర్మన్‌ఘాట్‌కు పేరలా వచ్చిందంటారు. ఆంజనేయుడిది ఒక్క గుడి కాపలా. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీది ప్రపంచంలో అయిదో వంతు వెబ్‌సైట్లకు. మనిషివేనని రుజువు చూపమంటూ అందరినీ గేటు దగ్గర ఆపే ఆ వాచ్‌మన్‌కు 2025 నవంబర్ 18 సాయంత్రం కళ్లు తిరిగాయి. దొంగ రాలేదు, దాడి లేదు. బాట్లను పట్టే ఫైలే రెట్టింపై గొంతుకడ్డం పడింది. చాట్‌జీపీటీ బయట, ఎక్స్ బయట. ఏ సైటు పడిందో చెప్పే డౌన్‌డిటెక్టరూ, పాపం, బయటే! 2024 జులై 19న మరో సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వికటించినప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ పెన్నుకు సెక్యూరిటీ క్యాప్ ఒక్కటే.