సున్నా ఫిర్యాదుల బడి

అడ్మిషన్ల కాలంలో ప్రైవేటు పాఠశాలలు చాటుకునే ఘనతలలో ర్యాంకుల తరువాతి స్థానం భద్రతది. పిల్లల మీద వేధింపుల విషయంలో తమ బడికి ఇంతవరకు ఒక్క ఫిర్యాదైనా రాలేదని కరస్పాండెంటు సగర్వంగా సెలవివ్వడం, ఆ మాట విన్న తల్లిదండ్రులు నిశ్చింతగా ఫీజు కట్టడం ఆనవాయితీగా స్థిరపడింది. పిల్లలకు హాని జరగకుండా ముందే జాగ్రత్త పడడం, జరిగిందన్న అనుమానం కలిగితే తగిన అధికారులకు వెంటనే తెలియజేయడం అనే రెండు పనులూ కలిస్తే బాలల రక్షణ అవుతుందని పుస్తకాలు చెబుతాయి గాని, ఈ రెండింటినీ మింగేసిన మూడవ పని ఒకటి ఆచరణలో ఉంది. అది ఫిర్యాదుల లెక్కను సున్నా దగ్గర నిలబెట్టడం.

ఈ సున్నా ఎంత అపురూపమైనదో గ్రహించడానికి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం తోడ్పడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించిన ఆ అధ్యయనంలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామని చెప్పారు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, పిల్లలు నమ్మదగిన స్థానాలలో ఉన్నవారో అని తేలింది. అంతకంటే ముఖ్యంగా, బాధిత పిల్లలలో అత్యధికులు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదని కూడా తేలింది. దేశమంతటా పిల్లలు చెప్పుకోలేక నోరు మూసుకుంటుంటే, ఆ మౌనాన్నే తన సుగుణానికి రుజువుగా చూపుకునే బడి, ఓపీ చీటీలు రాయడం మానేసి ఊళ్లో జబ్బులే లేవని చాటింపు వేయించిన ఆసుపత్రికి ఏ మాత్రం తీసిపోదు.

సున్నా దానంతట అది రాదు, దానికీ సాధన కావాలి. మొదటి సాధనం ఫిర్యాదుల పెట్టె. అది ప్రిన్సిపల్ గది ఎదుట, వచ్చేపోయే ప్రతి ఉపాధ్యాయుడికీ కనబడే చోట వేలాడుతుంది. దాని తాళంచెవి ప్రిన్సిపల్ సొరుగులోనే ఉంటుంది. ఎంఈఓ తనిఖీకి వస్తున్నాడన్న కబురు అందినప్పుడు దాని దుమ్ము దులుపుతారు. ఇంకా అక్షరాలు దిద్దుకుంటున్న ఎల్‌కేజీ పిల్ల తన బాధను కాగితం మీద ఎలా పెడుతుందన్న ప్రశ్నకు ఈ ఏర్పాటులో చోటు లేదు. రెండవ సాధనం ఏడాదికొక గంట సాగే అవగాహన సదస్సు. మంచి స్పర్శ, చెడు స్పర్శల తేడాను పిల్లలకు బోధించి, బ్యానరు ముందు ఫొటో దిగి, దానిని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టడంతో పెద్దల బాధ్యత సమాప్తమవుతుంది, జాగ్రత్తగా ఉండవలసిన భారం ఆరేళ్ల పిల్లల భుజాల మీదికి చేరుతుంది. పిల్లలతో మెలిగే సిబ్బంది అందరి పూర్వాపరాలనూ పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు విచారించాలనీ, వారికి శిక్షణ ఇప్పించాలనీ లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించేందుకు చేసిన, పోక్సోగా అందరూ పిలిచే చట్టం కింద వచ్చిన 2020 నాటి నియమాలు సంస్థలను ఆదేశిస్తున్నాయి గాని, ఆ పనులు ఫొటోలో అందంగా కనబడవు.

ఈ సాధనాలను దాటుకుని కూడా ఒక పిల్ల నోరు విప్పితే, అప్పుడు నాయకత్వ ప్రతిభ అంతా అంతర్గత విచారణ రూపంలో వెల్లివిరుస్తుంది. పోక్సో చట్టం 2012 నవంబరు 14న, సరిగ్గా బాలల దినోత్సవం నాడే, అమలులోకి వచ్చింది. నేరం జరిగిందని తెలిసినవారే కాక, జరగవచ్చునన్న ఆందోళన కలిగినవారు కూడా పోలీసులకు తెలియజేయాలని దాని 19వ సెక్షన్ శాసిస్తున్నది. నిజానిజాలు తేల్చే పనిని అది బడికి అప్పగించలేదు. అయినా ప్రిన్సిపల్ ఎస్సైగానూ, వైస్ ప్రిన్సిపల్ వైద్యురాలిగానూ, కరస్పాండెంటు న్యాయమూర్తిగానూ అవతారమెత్తి, పిల్ల చేత అదే కథను నాలుగు గదులలో నాలుగుసార్లు చెప్పించి, చివరిసారి నిందితుడి ఎదుటే చెప్పించి, మాట తడబడగానే అబద్ధమని తీర్పు ఇస్తారు. పిల్ల వాంగ్మూలాన్ని ఇంటి వద్ద గాని పిల్ల కోరిన చోట గాని, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలనీ, నిందితుడు ఆ పిల్ల కంటబడకుండా చూడాలనీ పోలీసులకే కట్టుబాట్లు విధించిన చట్టం, ఈ నాలుగు గదుల న్యాయస్థానాన్ని ఊహించలేకపోయింది.

విచారణ ముగింపు రెండు కాగితాలతో జరుగుతుంది. ఉపాధ్యాయుడు వ్యక్తిగత కారణాలతో రాజీనామా చేసి, మంచి నడవడి అని రాసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌తో పక్క ఊరి బడిలో చేరతాడు. పిల్ల చేతికి టీసీ వస్తుంది. సున్నా చెక్కుచెదరదు. ఇలాంటి నేరం తెలిసి కూడా తెలియజేయకపోవడం తీవ్రమైన నేరమనీ, దోషులను కాపాడే ప్రయత్నమనీ సుప్రీంకోర్టు 2022 నవంబరులో వ్యాఖ్యానించినా, ఆ తీర్పు ప్రతి స్టాఫ్ రూమ్ నోటీసు బోర్డు దాకా నడిచి రాలేదు.

రక్షణ అంటే ఉపాధ్యాయుల మీద కన్నేసి ఉంచడమేనన్న భ్రమను కూడా వాస్తవాలు నిలవనివ్వవు. 2022 అక్టోబరులో హైదరాబాద్‌లోని బంజారాహిల్స్ పాఠశాల ఒకదానిలో ఎల్‌కేజీ చిన్నారిపై జరిగిన అఘాయిత్యంలో దోషిగా తేలి 20 ఏళ్ల శిక్ష పొందినవాడు పాఠం చెప్పేవాడు కాదు, ప్రిన్సిపల్ కారు నడిపేవాడు. ఆయా, వాచ్‌మన్, బస్సు క్లీనర్, హాస్టల్ వార్డెన్, కరస్పాండెంటు బావమరిది, వీరిలో ఎవరికి ఏ గదిలోకి ఏ వేళప్పుడు ప్రవేశం ఉందో చెప్పలేని యాజమాన్యం చేతిలో ఎన్ని సీసీ కెమెరాలున్నా, అవి ఫీజు కౌంటరునే ఎక్కువ శ్రద్ధగా కాపాడతాయి.

సమర్థంగా నడిపించదలచిన ప్రధానోపాధ్యాయురాలు చేసే మొదటి అపచారం సున్నాను చెడగొట్టడమే. పిల్లలందరికీ పేరుతో తెలిసిన ఒక బాధ్యురాలిని, ఆమె సెలవులో ఉంటే చూసుకునే మరొకరిని నియమిస్తుంది. ఒక పిల్ల హఠాత్తుగా బస్సెక్కనని మారాం చేయడం వంటి చిన్న సంగతిని కూడా తేదీ వేసి నమోదు చేయిస్తుంది. చెప్పుకునే పిల్లకు ఎవరికీ చెప్పనన్న మాట ఇవ్వరాదనీ, గుచ్చి ప్రశ్నించకుండా పిల్ల అన్న మాటలను అన్నట్టే రాసి, పోలీసులకో 1098కో అందించాలనీ అటెండరుకు సైతం నేర్పుతుంది. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై ఏ చర్యా ఉండదని 19వ సెక్షనే అభయమిస్తున్నదని వారికి గుర్తుచేస్తుంది. ఇన్ని చేశాక ఆమె రిజిస్టరులో ఏటా కొన్ని ఎంట్రీలు తప్పవు, ఎదుటి వీధి బడి వాటిని తన కరపత్రంలో వాడుకోకా మానదు.

కనుక తల్లిదండ్రులు అడగవలసినది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయని కాదు, వచ్చినదానిని ఎవరు, ఎన్ని గంటలలో, ఎవరికి అందించారని. దీనికి జవాబు లేక సున్నానే మళ్లీ చూపించే కరస్పాండెంటు కోసం చట్టం మరొక సంఖ్యను సిద్ధం చేసి ఉంచింది. తన అదుపులోని ఉద్యోగి చేసిన నేరాన్ని తెలియజేయని సంస్థ బాధ్యుడికి 21వ సెక్షన్ ప్రకారం ఒక ఏడాది వరకు జైలు, దానికి తోడు జరిమానా.