కల్టేశ్వర్రావు

వయసు ముప్పై దాటి నాలుగైదేళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఆ ఫ్లాటుకో ఈఎంఐ. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ దానితో బ్యాంకువాళ్లకి తప్ప ఎవరికీ పనిలేదు. కాబట్టి కల్టేశ్వర్రావు అందాం. ప్రతి ఆఫీసులోనూ ఒకడు, ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఇద్దరు ఉంటారు. మీరు నిన్న చూసొచ్చిన సినిమా బాగుందనండి. "బాగుంది మామా, కానీ కల్ట్ కాదు" అంటాడు. ఆ ముద్ర వేసే అధికారం అతనికెవరిచ్చారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే ఇంకో గంట కూర్చోవలసొస్తుందని అందరికీ తెలుసు.

అతని ఇష్టదైవం 'ఈ నగరానికి ఏమైంది'. తరుణ్ భాస్కర్ తీసిన ఈ సినిమా 2018 జూన్ 29న విడుదలైంది. విశ్వక్ సేన్, సాయి సుశాంత్ రెడ్డి, అభినవ్ గోమఠం, వెంకటేష్ కాకుమాను నలుగురూ ఇందులో చిన్ననాటి స్నేహితులు. ఒకప్పుడు షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకున్నవాళ్లు. ఇప్పుడొకడు డబ్బింగ్ చెప్పుకుంటున్నాడు, ఒకడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుంటున్నాడు. ఒక రాత్రి తాగి, తెల్లారేసరికి గోవాలో తేలతారు. ఖరీదైన నగ ఒకటి పోతుంది, డబ్బు కావాలి, షార్ట్ ఫిల్మ్ పోటీ ఒకటి కనబడుతుంది. కథ అంతే. మిగతాదంతా తాగుడు, తిట్లు, ఒకణ్నొకడు ఏడిపించుకోవడం.

సినిమా వచ్చిన రోజుల్లో జనం రెండుగా చీలడానికి ఒక కారణం తరుణ్ భాస్కరే. అంతకు రెండేళ్ల ముందు 2016లో 'పెళ్ళి చూపులు' తీసి ఇంటిల్లిపాదినీ హాలుకి రప్పించాడు, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నాడు. మళ్లీ అలాంటిదేనని అత్తమామల్ని వెంటబెట్టుకొని వెళ్లినవాళ్లకి తెరమీద నలుగురు కుర్రాళ్లు గ్లాసులు పట్టుకొని కనబడ్డారు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కొనుక్కునే దగ్గర అల్లుళ్లెవరూ అత్తగార్ల ముఖం చూసి ఉండరు.

విచిత్రమేమిటంటే, మెచ్చుకున్నవాడూ తిట్టినవాడూ చెప్పేది ఒక్కటే. "రెండు గంటలు ఖాళీగా కూర్చొని మాట్లాడుకోవడమేగా!" అని ఒకడు మండిపడతాడు. "రెండు గంటలు ఖాళీగా కూర్చొని మాట్లాడుకుంటారు మామా!" అని కల్టేశ్వర్రావు కళ్లు తుడుచుకుంటాడు. సాక్ష్యంలో తేడా లేదు, తీర్పులోనే ఉంది.

అతన్ని దగ్గరగా చూడాలంటే మామగారు రాజమండ్రి నుంచి వచ్చిన ఆదివారం చూడాలి. భోజనాలయ్యాయి. టీవీ పెట్టాడు. తెరమీద 'ఈ నగరానికి ఏమైంది' అని పేరు పడింది. హాల్లో ఏళ్ల తరబడి పొగాకు ప్రకటన చూసి చూసి ఉన్న మామగారు, ఇదీ అదే అనుకొని మంచినీళ్లకి లేచారు. ఆ ప్రకటన నుంచే ఈ పేరు పెట్టారని చెప్పి, చెయ్యిపట్టి కూర్చోబెట్టాడు అల్లుడు.

ఇక అక్కణ్నుంచి కల్టేశ్వర్రావు సినిమా చూడలేదు. మామగారి ముఖం చూశాడు. నవ్వు రావలసిన చోటికి రెండు సెకన్ల ముందే తాను నవ్వి, అటు తిరిగాడు. అక్కడ నవ్వు లేదు. రిమోట్ తీసి పది సెకన్లు వెనక్కి జరిపాడు. "ఇది మళ్లీ వినండి మామయ్యగారూ." విన్నారు. "అంటే వాడు వీడితో ఏమంటున్నాడంటే..." అని అర్థం చెప్పాడు. ఆయన తలూపారు. అరగంటయ్యాక ఎంతో మర్యాదగా అడిగారు:

"అల్లుడుగారూ, ఇంతకీ కథెప్పుడు మొదలవుద్దండీ?"

కల్టేశ్వర్రావు జీవితంలో ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాడు. జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటి జవాబు హైదరాబాదుది. కుంట నిఖిల్ 'ద అంగ్రేజ్' తీశాడు. చార్మినార్ దగ్గర చాయ్ తాగుతూ పొద్దుపుచ్చే కుర్రాళ్ల సినిమా, దక్కనీ ఉర్దూలో. ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ వేసిన ఇస్మాయిల్ భాయ్, మస్త్ అలీ వేసిన సలీం ఫేకూ ఊళ్లో ఇంటి మనుషులైపోయారు. నిజానికి ఆ సినిమాలో అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు ఎన్నారైల కథ కూడా ఉంది. అది ఎవరికీ గుర్తులేదు. కల్టేశ్వర్రావు కూడా ఆ భాగం రాగానే ముందుకి జరిపేస్తాడు. అతను గొప్పదనే సినిమాని పూర్తిగా చూడడు, ఈ సంగతి మీ దగ్గరే ఉంచుకోండి.

రెండో జవాబు అమెరికాది. 1994లో కెవిన్ స్మిత్ 'క్లర్క్స్' తీశాడు. న్యూజెర్సీలోని లియొనార్డోలో తాను పనిచేసే కిరాణా కొట్లోనే, రాత్రి కొట్టు మూసేశాక, నలుపు తెలుపులో. ఖర్చు 27,575 డాలర్లు. రాత్రి తీస్తున్నది పగలని నమ్మించాలి కాబట్టి, తాళాల్లో ఎవరో చూయింగ్ గమ్ కూరారు, షట్టర్ పైకి లేవడం లేదని కథలోనే కల్పించాడు. కౌంటరు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పని ఎగ్గొట్టి మాట్లాడుకుంటూ ఉంటారు, అంతే. బట్టలు విప్పే దృశ్యం లేదు, నెత్తురు లేదు. అయినా ఆ మాటల మోటుతనం చూసే అక్కడి సెన్సారువాళ్లు పెద్దలకి మాత్రమే అన్న ఎన్‌సీ-17 ముద్ర వేశారు. పంపిణీ సంస్థ మిరామాక్స్ అలన్ డెర్షోవిట్జ్ అంతటి లాయర్ని పెట్టి అప్పీలు చేసి తగ్గించుకుంది. ఆ బూతు బొమ్మనే 2019లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగ్గ సినిమాల జాబితాలో చేర్చింది. "పార్లమెంటు గ్రంథాలయం లాంటిది మామయ్యగారూ!" అని గొంతు పెంచాడు కల్టేశ్వర్రావు.

మామగారు ఓపిగ్గా అంతా విన్నారు. "అంతదూరం ఎందుకండీ, మనకి 'లేడీస్ టైలర్' లేదా?" అన్నారు.

గదిలో గాలి మారింది. 1986. వంశీ సినిమా. రాజేంద్రప్రసాద్ వేసిన సుందరం పరమ సోమరి టైలరు, కత్తెర పట్టాలంటేనే బద్ధకం. కుడి తొడ మీద పుట్టుమచ్చ ఉన్న పిల్లని చేసుకుంటే అదృష్టం కలిసొస్తుందని జోస్యం చెబుతారు. ఇక మిగిలిన సినిమా అంతా ఆ మచ్చని వెతకడమే. మామగారికి అప్పుడు పెళ్లి కాలేదు. ఇళయరాజా పాటల దగ్గర్నుంచి మల్లికార్జునరావు వేసిన బట్టల సత్యం మాటల దాకా ఆయన వరసగా అప్పజెబుతూ, నవ్వు రావలసిన చోటికి రెండు సెకన్ల ముందే నవ్వుతూ, అల్లుడి ముఖం చూడసాగారు.

"ఊళ్లో ఆడపిల్లల తొడలు చూడ్డానికి తిరగడమే కదండీ కథ?" అన్నాడు కల్టేశ్వర్రావు, కాస్త పరువుగా.

"అది హాస్యమండీ. మీది తాగుబోతుల గోల."

ఇద్దరిలో ఎవరి సినిమా ఎక్కువ మోటని అడిగితే, నిష్పక్షపాతంగా మామగారిదే. ఏది బాగా తీశారంటే అదీ బహుశా మామగారిదే. కానీ 'ఈ నగరానికి ఏమైంది'లో ఒక మంచి గుణం ఉంది. ఆ నలుగురూ కలిసి మాట్లాడుతుంటే డైలాగు చెబుతున్నట్టుండదు. హాస్టల్ గది తలుపు సందులోంచి విన్నట్టుంటుంది. అది తెలుగు తెరమీద అంత తరచుగా దొరికేది కాదు. అభినవ్ గోమఠం నోట పలికిన 'మస్తు షేడ్స్ ఉన్నయ్ రా' అన్న మాట జనంలో ఎంత తిరిగిందంటే, 2024లో ఆ పేరుతో అతనే హీరోగా ఒక సినిమా వచ్చింది. కల్టేశ్వర్రావు దాన్ని వాచ్‌మన్‌తో అన్నాడు, మేనేజర్‌తో అన్నాడు, బారసాలలో పసివాణ్ని చూసి కూడా అన్నాడు.

అతనికి నిజమైన కష్టం తిట్టేవాళ్ల వల్ల రాలేదు. 2023 జూన్ 29న, సరిగ్గా ఐదేళ్లకి, సినిమాని మళ్లీ విడుదల చేశారు. హాళ్లు నిండాయి. నటులకంటే ముందే జనం డైలాగులు అందుకున్నారు. పండగ చేసుకోవలసినవాడు ముఖం ముడుచుకొని ఇంటికొచ్చాడు. అంతమందికి నచ్చితే ఇక అతని ప్రత్యేకత ఏముంటుంది? "వీళ్లంతా 2018లో ఎక్కడున్నార్రా?" అని గ్రూపులో పెట్టాడు. ఆ సమయానికి పక్కనే బఠానీలు ఒలుస్తున్న భార్య, "మీరు కూడా ల్యాప్‌టాప్‌లోనే కదండీ చూసింది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని?" అంది. ఆ రాత్రి గ్రూపులో అతని నుంచి మరో మెసేజ్ రాలేదు.

2025లో రెండో భాగం ప్రకటించారు, 'ఈఎన్‌ఈ రిపీట్' అని. కల్టేశ్వర్రావుకి నిద్ర కరువైంది. పాడుచేస్తారని భయం, చూడకుండా ఉండలేనని దిగులు. ఫోన్లో ఓదార్చినవాళ్లు మామగారొక్కరే. 2017లో వంశీ స్వయంగా తీసిన 'ఫ్యాషన్ డిజైనర్ సన్నాఫ్ లేడీస్ టైలర్'కి మొదటి ఆట వెళ్లొచ్చిన మనిషి ఆయన. "మొదటిదాన్ని మీ దగ్గర్నుంచి ఎవరూ లాక్కెళ్లలేరండీ, రెండోదానికి మాత్రం నా టికెట్ కూడా తీయండి" అన్నారట.

ఆ రెండో భాగానికి మీరూ వెళ్తే సీటు చూసుకొని బుక్ చేసుకోండి. అతని పక్కన దొరికిందా, ప్రతి డైలాగూ రెండుసార్లు వినాలి.